నాలుగో లోగిలి పొయ్యి

పుష్య శుద్ధ తదియ

పొగమెట్ట మీద ఐదు లోగిళ్ళున్నాయి. ఐదింటికీ ఐదు పొయ్యిలు. వాటిలో మా నాలుగో లోగిలి పొయ్యికి సాటి వచ్చేది లేదు. ఇది గొప్పకు చెప్పే మాట కాదని రాయబోయాను గానీ, గొప్పకే చెబుతున్నాను. దాన్ని కట్టింది నేనే మరి.

నా పేరు సింహాచలం. లోగిలిలో నాకంటే చిన్నవాళ్ళందరికీ నేను అప్పని, అంటే అక్కని. సముద్రం ఊళ్ళను మింగకముందు మా నాన్న ఒడ్డున ఉక్కు కొలిమి దగ్గర పనిచేశాడు. నేను ఈ కొండ మీద, రైలు పెట్టెల నుంచి ఊడదీసిన ఇనప పలకలతో, నిలువెత్తు మనిషి వంగి లోపల కూర్చోగలిగేంత పొయ్యి కట్టాను. దాని వెనక, పక్కల, జానెడు సందు వదిలి రెండో రేకు చుట్టాను. ఆ సందులోకి బ్లోయరు గాలి తోస్తుంది. గాలి వేడెక్కి, నడవా పైనున్న రేకు గొట్టాల్లోంచి గదులకు పోతుంది. ఒక్కో గదికీ గొట్టం మూతి దగ్గర చిన్న రెక్క ఉంటుంది. తెరుచుకుంటే వెచ్చన, మూసుకుంటే చలి. ఒక్క పొయ్యి మీద లోగిలంతా బతుకుతుంది.

చలి ముదిరిన నెలల్లో ప్రతి లోగిలివాళ్ళూ పొయ్యి దినచర్య రాయాలన్నది మెట్ట కట్టుబాటు. కాబట్టి రాస్తున్నాను.

పొద్దున బూడిద తీశాను. మొత్తం తీయలేదు. రెండు వేళ్ళ మందాన వదిలేశాను. ఆ పరుపు మీదే నిప్పు నిలబడుతుంది. రాత్రి మిగిలిన కణికల్ని తలుపు వైపు లాగి, సన్నగా చీల్చిన సిల్వరోకు పుల్లలు పేర్చి, గాలి తలుపు పూర్తిగా తెరిచాను. పొగగొట్టానికున్న ముల్లు రెండొందల డిగ్రీలు దాటాక గాలిని సగానికి తగ్గించాను. మంట పారాలి. గుర్రుమనకూడదు, నిద్రపోకూడదు.

పరదేశి తాత రోజూలాగే దుప్పటి కప్పుకొని వచ్చి పొయ్యి ముందు నిలబడ్డాడు. లోగిలిలో అందరికంటే పెద్దవాడు, అందరికంటే చలిపిరికి.

"ఆ బ్లోయరు బేగి ఎయ్యవే సిమ్మాచలం. కాళ్ళు కొంకర్లు పోతన్నాయి."

"ఇప్పుడేత్తే సల్లగాలే వొత్తాది తాతా. పలక కాగనీ."

"రోజూ ఇదే మాట."

"రోజూ ఇదే పొయ్యి."

బ్లోయరు వేడిని పుట్టించదు. ఉన్న వేడిని మోసుకుపోతుందంతే. మోయడానికి మూట లేనప్పుడు కూలివాణ్ణి పిలిస్తే వాడు ఇల్లంతా తిరిగి దుమ్ము రేపుతాడు. మంట చిన్నగా ఉన్నప్పుడు బ్లోయరు జోరుగా పెడితే ఉన్న కాస్త వేడీ లాగేసి, పొయ్యి చల్లారి, గొట్టంలో పొగ తారులా పేరుకుంటుంది. ఈ సంగతి మా లోగిలిలో నడక నేర్చిన పిల్లలకు కూడా తెలుసు. నేనే చెప్పాను.

ఈ రోజు అన్ని గదులూ పందొమ్మిది డిగ్రీలు. బయట నీళ్ళ తొట్టి గడ్డకట్టింది. ఉత్తరపు గోడకు ఆనించిన పాత సోలారు పలకల్లో ఒకటి గాలికి పడిపోతే మళ్ళీ నిలబెట్టాం. ఆకాశానికి ముసుగు పడ్డాక అవి గాలిని ఆపడానికి తప్ప ఎందుకూ పనికి రావడం లేదు.

పుష్య శుద్ధ అష్టమి

లిఖితకు నెలలు నిండకుండానే కాన్పయింది. ఆడపిల్ల.

లిఖిత మా గెడ్డ దగ్గర, ఆ వాగు నీళ్ళతో కరెంటు తీసే టర్బైను చూసే పిల్ల. ఐదు లోగిళ్ళ బ్లోయర్లూ, దీపాలూ ఆమె చేతి మీద నడుస్తాయి. ఏడో నెల కడుపుతో కూడా నిన్న ఉదయం నీళ్ళలోకి దిగి, చక్రానికి పట్టిన మంచు పెచ్చులు కొట్టి వచ్చింది. మధ్యాహ్నానికి నొప్పులు మొదలయ్యాయి.

నర్సు చిలకమ్మ బిడ్డను మిరపకాయలు తూచే తక్కెడలో తూచింది. కిలోంబావు. తక్కెడ కిందికి దిగనేలేదనిపించింది నాకు. లిఖితకు నెత్తురు చాలా పోయింది. ఒళ్ళు కాలిపోతోంది.

చిలకమ్మ మాటలు పొదుపుగా వాడే కొండ మనిషి. చేతులు కడుక్కొని పొయ్యి దగ్గరికి వచ్చి నా పక్కన నిలబడింది.

"తల్లికి జ్వరం. అందుకే తండ్రి ఎదమీద కట్టాను బిడ్డని. ఒంటికి ఒళ్ళు తగిలితే అదే మంచి వేడి. కానీ గది చల్లబడితే లాభం లేదు. ఇరవయ్యెనిమిది ఉండాల. తగ్గకూడదు. పొగ వాసన కూడా రాకూడదు."

"ఎన్నాళ్ళు?"

"ఒళ్ళు పట్టేదాకా."

"రెండో లోగిలికి దింపితే? అక్కడ గదులు పొయ్యికి దగ్గర గదా."

"రెండో లోగిల్లో కోరింత దగ్గు ఉంది. ఐదో దాంట్లోనూ ఉంది. ఈ బిడ్డ ఒక్క దగ్గుకి ఆగదు. అందుకే చివరి గదిలో పెట్టాను, మనుషులకి దూరంగా."

చివరి గది. పొయ్యికి లోగిలంత దూరం. మామూలు రోజుల్లో అక్కడ పదహారు డిగ్రీలు తేవడమే గగనం.

చిలకమ్మ నా ముఖంలోకి చూసింది. "అవుద్దా?"

"నా పొయ్యిని పట్టుకొని అవుద్దా అంటావేటి?" అన్నాను.

ఆమె వెళ్ళాక పొయ్యి పలక మీద చెయ్యి పెట్టి కాసేపు నిలబడ్డాను. కాలుతుందని తెలిసీ పెట్టాను.

పుష్య శుద్ధ దశమి

చివరి గదికి వేడి చేరాలంటే దారిలో ఎవరూ తీసుకోకూడదు. అంటే మిగతా గదుల రెక్కలన్నీ మూయాలి. బయట గడ్డకట్టే చలిలో ఆ మాట అడగడానికి నాకు నోరు రాలేదు. వంటసాలలో అందరూ అంబలి తాగుతున్నప్పుడు, పెనం మీద నీళ్ళు చల్లినట్టు ఒక్కసారే అనేశాను.

పరదేశి తాత లేచి, గిన్నె కింద పెట్టి, నడవాలోకి వెళ్ళాడు. రెక్క మూసిన చప్పుడు వినపడింది. తన గదిదే. లోగిలిలో అందరికంటే చలిపిరికి అని రాశాను గదా, ఆ మనిషే.

తిరిగొచ్చి, "ఏటలగ సూత్తన్నారు? ముసిలోడి కాళ్ళు కొంకర్లు పోతే ఏటవుద్ది? కొంకర్లే గదా," అన్నాడు.

ఆ తర్వాత వరసగా రెక్కలు మూసుకున్నాయి. టపటపా, టపటపా. సాయంత్రానికి పరుపులూ దుప్పట్లూ అన్నీ పొయ్యి ఉన్న పెద్ద హాలులోకి వచ్చేశాయి. ఇప్పుడు లోగిలంతా ఒకే నేల మీద పడుకుంటోంది. గుడ్డపేలికల మూటల్లాగ ఒకరికొకరు ఆనుకొని. గురకలకు అంతే లేదు.

చివరి గదిలో ఇరవయ్యెనిమిదిన్నర. చిలకమ్మ తలుపు సందులోంచి చెయ్యి బయటికి పెట్టి బొటనవేలు చూపించింది.

ఈ లోగిలి పొయ్యి గురించి గొప్పలు చెప్పుకున్నాను. లోగిలి మనుషుల గురించి కూడా ఇక్కడ రాసి పెడుతున్నాను. ఇంకెవరైనా రాస్తారో లేదో.

పుష్య పౌర్ణమి

గెడ్డ గడ్డకట్టింది.

ముందు బ్లోయరు గొంతు మారింది. ఝుమ్మనేది కాస్తా మూలగడం మొదలెట్టింది. తర్వాత దీపం ఎర్రబడింది. తర్వాత రెండూ ఆగిపోయాయి.

బ్లోయరు ఆగిందంటే గది చల్లబడుతుందనేదే అందరి భయం. నా భయం ఇంకొకటి కూడా. వేడిని మోసుకుపోయే గాలి లేకపోతే పలకలు ఎర్రబడతాయి, అతుకులు విడిపోతాయి. గాలి తలుపు తగ్గించాను. మరీ తగ్గిస్తే మంట నిద్రపోయి గొట్టంలో తారు పడుతుంది. అందుకని వేలెడు సందు వదిలాను. ముల్లు నూట యాభై దగ్గర ఊగింది. అది నాకు నచ్చని అంకె.

లిఖిత మంచం మీంచి మొగుడు భాస్కర్‌ని కేకలేసిందట. టర్బైను గదిలో మంచు కోసే రంపం ఉంది, నీళ్ళు చక్రం మీదికి పోయే మూతి దగ్గర మంచును పైనుంచి కొట్టకుండా పక్కనుంచి కొయ్యమని. భాస్కర్ ఎద మీద బిడ్డ ఉంది, తను ఎక్కడికి వెళ్తాడు! వేరేవాళ్ళు వెళ్ళారు. కోసి వచ్చి చెప్పారు. ఎంత కోసినా కింద నీళ్ళు లేవు, అడుగుదాకా రాయిలాంటి మంచేనని.

గది ఇరవయ్యారుకు దిగింది.

నేను బయటికి వెళ్ళి రెండో లోగిలి వైపు గొంతెత్తాను. దగ్గు భయంతో రెండు లోగిళ్ళ మధ్య రాకపోకలు ఆపేశాం. మాటలన్నీ వాకిట్లో అరుచుకోవడమే.

"ఎర్రినాయుడో!"

ఎర్రినాయుడు రెండో లోగిలి పొయ్యి చూస్తాడు. ఖాళీ వేళ బట్టలు కుడతాడు. మెట్ట మీద మంచి పొయ్యి తనదేనని ఆయన నమ్మకం. మా ఇద్దరికీ ఈ విషయం మీద ఎప్పుడూ పడదు. ఆయన బ్లోయరు ఎప్పుడూ జోరుగానే పెడతాడు, గొట్టం ఎప్పుడూ తారుతోనే ఉంటుంది.

"ఏటి?" అని ఆయన గుమ్మంలోంచి అరిచాడు.

"నీ కుట్టుమిషను కావాల! కింద తొక్కుడు బల్ల, సెక్రం. బ్లోయరికి బెల్టు తగిలిత్తాను."

ఎర్రినాయుడు లోపలికి వెళ్ళిపోయాడు. ఇవ్వడేమో అనుకున్నాను. కాసేపటికి ఆ ఇనప స్టాండు నెత్తిన పెట్టుకొని, మంచులో జారుతూ వచ్చి, మా మెట్లకు ఇవతల దించి, వెనక్కి నాలుగడుగులు వేసి నిలబడ్డాడు.

"మిషను ఇత్తన్నాను గానీ, మీ పొయ్యి గొప్పదని ఒప్పుకున్నట్టు కాదు."

"ఒప్పుకోమని అడగలేదు. నూని ఏసీవా?"

"ఏసీనాను. బెల్టు కూడా కొత్తదే."

మిషను చక్రానికి బెల్టు బిగించి రెండో కొస బ్లోయరు ఇరుసుకు వేశాం. తొక్కితే తిరిగింది. కరెంటు మీద తిరిగినంత జోరు లేదు. కానీ నేను ఇంతకాలం అరిచి చెబుతున్నదదే, జోరు అక్కర్లేదని. మంట నిలకడగా ఉండి గాలి మెల్లగా పోతే ఆ గాలి ఎక్కువ వేడిని ఎత్తుకుపోతుంది. గాలి తలుపు మళ్ళీ సగానికి తెరిచాను.

తొక్కడానికి వంతులు వేయబోతే ఎవరూ వంతు వినలేదు. ఒకరు లేస్తుంటే ఇంకొకరు కూర్చున్నారు. ఆడవాళ్ళు పాటలందుకున్నారు. పరదేశి తాత కూడా తొక్కాడు, అటు కూర్చుంటే కాళ్ళు వెచ్చబడుతున్నాయని.

గది మళ్ళీ ఇరవయ్యెనిమిది.

పుష్య బహుళ తదియ



ఎండుకట్టెలు అనుకున్నదానికంటే ముందే అయిపోయాయి. రెండేళ్ళు ఆరినవన్నీ బిడ్డ గదికే ఖర్చయ్యాయి. మిగిలినవి పోయిన వానల ముందు కొట్టినవి. చిటపటమంటాయి, చివర నురగ కక్కుతాయి. వాటిని పొయ్యి పక్కన ఆరబెట్టి, ఎండువాటితో కలిపి వాడుతూ వచ్చాను. అయినా పొగగొట్టం లాగడం తగ్గింది. పొయ్యి తలుపు తెరిస్తే పొగ లోపలికి పోకుండా ముఖం మీదికి వచ్చింది. గాలి తలుపు పూర్తిగా తీసినా ముల్లు నూట ఇరవై దాటలేదు. బయట ఆకు కదలడం లేదు. మంచు మెట్టంతా కూర్చుంది.

పొద్దెక్కాక, మిషను తొక్కుతున్న ఆవిడ తల పట్టుకొని లేచింది. తలనొప్పి అంది. ఆ వెంటనే పరదేశి తాత వాంతి చేసుకున్నాడు. చూస్తే హాలులో సగంమంది నుదుళ్ళు పట్టుకొని ఉన్నారు.

చిలకమ్మ పరుగున వచ్చింది. ఒక్కసారి గాలి పీల్చి, "లేవండి! అందరూ బయటికి! తలుపులు తియ్యండి!" అని అరిచింది. ఆమె గొంతు అంత పెద్దదని అప్పుడే తెలిసింది.

హాలులో పొగ విషం ఎక్కిన ఆ గాలినే బ్లోయరు గొట్టాల్లోకి తోస్తుంది. ఆ గొట్టాల్లో తెరిచి ఉన్నది ఒకే ఒక్క రెక్క.

నేను మిషను చక్రాన్ని చేత్తో పట్టుకొని ఆపేశాను. అరచెయ్యి చీరుకుపోయింది.

చిలకమ్మ అప్పటికే చివరి గదిలోకి దూరింది. రెక్క మూసి, కిటికీ తీసి, గదిలో గాలి మారనిచ్చి, మళ్ళీ మూసింది. అంతసేపూ భాస్కర్ బిడ్డను ఎదకు అదుముకొని, మూడు బొంతల కింద, గోడవైపు తిరిగి కూర్చున్నాడట. బిడ్డ ఊపిరి తీస్తోంది. రంగు బాగానే ఉంది. గది మాత్రం ఇరవయ్యయిదు.

నేను నిర్ణయం చెప్పాను. "పొయ్యి ఆర్పేత్తన్నాను. గొట్టం ఊడ్వాల."

"ఆర్పేత్తే బిడ్డో?" అని ఎవరో అన్నారు.

"ఆర్పకపోతే అందరం."

నిప్పు మీద నీళ్ళు పోయకూడదు, కాలిన పలక చిట్లిపోతుంది. కణికల్ని ఇనప తొట్లలోకి ఎత్తి, మూతలు పెట్టి, మంచులోకి మోశాం. నడుముకు తాడు కట్టుకొని నేను కప్పెక్కాను. కప్పు నిండా కంటికి ఆనని జారుడు మంచు. నిచ్చెన పట్టుకోవడానికి వాకిట్లో ఎర్రినాయుడున్నాడు. కేకలు విని వచ్చేశాడు. మనుషులున్న లోపలికి రాడు గానీ కప్పు మీద దగ్గు ఎవరికి అంటుతుందని నా వెనకే ఎక్కేశాడు.

గొట్టం మూతి చూశాక నాకు అర్థమైంది. నిప్పురవ్వలు ఎగరకుండా పెట్టిన జల్లెడ కన్నాలు తారుతో నిండిపోయి, నల్ల అప్పడంలా తయారైంది. దాన్ని ఊడదీసి లోపలికి చూస్తే, రెండు మూరల కింద గొట్టం పిడికెడు సందుకు సన్నబడింది. గాజులా మెరిసే గట్టి తారు.

ఎర్రినాయుడు వంగి చూసి, "గీకితే ఎప్పటికవుద్ది? ఎండుటాకులు కింద ఏసి, గాలి తలుపు బార్లా తీసీ, బ్లోయరు దంచీ. లోపల తారంతా అదే కాలిపోద్ది. నేనలగే సేత్తాను," అన్నాడు.

"నీ కప్పు రేకు. నాది కర్ర. తారు అంటుకుంటే గొట్టం ఎర్రబడి దూలం పట్టుకుంటాది. లోగిలే ఉండదు."

"మరి బిడ్డకి సలేత్తే?"

"మీ పొయ్యి నడుత్తంది గదా. ఇటుకలు కాల్చి పంపించు. గోనెలో సుట్టి మా గుమ్మం మీద పెట్టించు. ఎన్నయితే అన్ని."

ఎర్రినాయుడు కప్పు మీంచే తన లోగిలి వైపు తిరిగి, ఎవరెవరినో పేర్లు పెట్టి పిలిచి, ఇటుకలు పొయ్యిలో వేయమన్నాడు. తను మాత్రం దిగలేదు. గొట్టంలోకి దింపే గొలుసు రెండో కొస పట్టుకున్నాడు.

ఇనప గొలుసుకు రాయి కట్టి గొట్టంలోకి దింపి, గుండ్రంగా తిప్పుతూ గోడలకు కొట్టాం. పెచ్చులు పెచ్చులుగా రాలింది. నా చేతికి నెత్తురు కారుతుంటే ఎర్రినాయుడు తలపాగా చింపి కట్టాడు. కింద వాకిట్లో ఇటుకల మూటలు ఒక చేతినుంచి ఇంకో చేతికి మారుతూ వస్తున్నాయి. రెండో లోగిలి వాళ్ళు గుమ్మం మీద పెట్టి వెనక్కి తగ్గడం, మావాళ్ళు వెళ్ళి తీసుకోవడం. ఒక్కరు కూడా తొట్రుపడలేదు. కప్పు మీంచి ఆ వరస చూశాను. అంత నెత్తురూ చలీ మధ్య కూడా నాకు గుండె నిండిపోయింది. ఇలాంటి మనుషుల మధ్య పొయ్యి చూసేదాన్ని అయ్యానని.

గొట్టం అడుగుదాకా పగటి వెలుగు పడ్డాక దిగాను. అడుగు తలుపు తీసి రాలిన తారంతా బస్తాలకెత్తాం.

ఇక మళ్ళీ వెలిగించడం. చల్లబడ్డ గొట్టంలో బరువైన చలిగాలి బిరడాలా కూర్చుంటుంది. దాన్ని తోయకుండా మంట పెడితే పొగంతా మళ్ళీ హాలులోకే. అడుగు తలుపు దగ్గర ఎండు తాటాకులు ముట్టించాను. మొదట మంట నా వైపే వంగింది. రెండో మోపు వేశాను. ఉన్నట్టుండి మంట నిటారుగా నిలబడి, భుగ్గున పైకి ఎగబాకింది. గొట్టం లాగుతోంది! పొయ్యిలో కట్టెలు పేర్చాను. పెద్దవి అడుగున, పుల్లలు పైన, నిప్పు అన్నిటికంటే పైన. అలా పెడితే మంట మెల్లగా కిందికి దిగుతుంది, పొగ తక్కువ.

చిలకమ్మ నడవాలోంచి అరిచింది. "ఇరవయ్యిమూడు! ఇటుకలు చల్లబడ్డాయి!"

మిషను మీద కూర్చున్నవాళ్ళు నా వైపు చూశారు. నేను తల అడ్డంగా ఊపాను. పలక మీద చెయ్యి పెట్టాను. గోరువెచ్చగా ఉంది, అంతే.

"ఇరవయ్యిరెండు! బిడ్డ కాళ్ళు చల్లబడుతున్నాయి!"

భాస్కర్ గొంతు కూడా వినపడింది. ఏడుపు గొంతు. "అప్పా! తొక్కించప్పా! నీకు దణ్ణం పెడతాను!"

ఇప్పుడు తొక్కితే చలిగాలి తిన్నగా బిడ్డ మీదికి పోతుంది. పొయ్యి కూడా చల్లబడుతుంది. మళ్ళీ మొదటికొస్తాం. అది నాకు తెలుసు. తెలిసినా, ఒక తండ్రి అలా బతిమాలుతుంటే కదలకుండా నిలబడడం ఎలా ఉంటుందో కూడా ఈ రోజే తెలిసింది. పరదేశి తాత గడగడ వణుకుతూ నన్నే చూస్తున్నాడు. మిషను మీద ఉన్న ఒకామె కాలు తొక్కుడు బల్ల మీదికి జారింది. ఒక్కసారి తొక్కింది కూడా.

అప్పుడు చివరి గదిలోంచి లిఖిత అరిచింది. రెండు రోజులుగా పెదవి విప్పని మనిషి. గొంతు చీలిపోయి ఉంది, కానీ హాలుదాకా వచ్చింది.

"అప్ప సెప్పీదాకా ఎవులూ తొక్కకండి! టర్బైను తిరగకముందే లోడు ఎక్కిత్తే సచ్చిపోద్ది! పొయ్యైనా అంతే! అప్పకి తెలుసు!"

తొక్కుడు బల్ల మీది కాలు కిందికి దిగింది.

నేను పొయ్యినే చూస్తూ నిలబడ్డాను. మంట కిందికి దిగి పెద్ద కట్టెల్ని పట్టుకుంది. ముల్లు నూట యాభై. నూట ఎనభై. పలక టక్కుమంది. ఇనుము సాగుతున్న చప్పుడది. దూరంగా ఉన్నా చెంపకు సెగ తగిలింది. చెయ్యి పెట్టబోయి తీసేశాను. పెట్టలేనంత కాలింది.

"తొక్కండి!"

చక్రం తిరిగింది. "మెల్లగా, మెల్లగా! పరుగెత్తించొద్దు!"

నడవా పొడుగునా గొట్టం కింద నడుచుకుంటూ వెళ్ళాను, గాలితో పోటీ పడుతున్నట్టు. చివరి గది తలుపు దగ్గర ఆగాను. లోపలికి వెళ్ళలేదు, నా బట్టలన్నీ మసి. చిలకమ్మ రెక్క ముందు అరచెయ్యి పెట్టి నిలబడింది. ఆమె భుజాలు కిందికి దిగడం తలుపు సందులోంచి చూశాను.

"ఇరవయ్యిమూడు," అంది. చాలాసేపటికి, "ఇరవయ్యయిదు." పొద్దుగూకే ముందు, "ఇరవయ్యెనిమిది. బిడ్డ పాలు మింగింది. ఉగ్గుగిన్నెతో పట్టాను."

నేను నడవాలోనే గోడకానుకొని కూలబడ్డాను. లిఖిత మంచం నాకు కనపడుతోంది. ఆమె కళ్ళు తెరిచి నన్ను చూసింది.

"గొట్టం బాగా లాగుతోందా అప్పా?" అని అడిగింది.

"నీ టర్బైనికంటే బాగా," అన్నాను.

నవ్వబోయి నొప్పికి ముఖం ముడుచుకుంది.

పుష్య బహుళ దశమి

లిఖిత జ్వరం దిగింది. బిడ్డను తల్లి ఎద మీదికి మార్చారు. భాస్కర్ అన్నాళ్ళకు మొదటిసారి నిటారుగా నడిచాడు. నడిచి వచ్చి, మిషను మీద కూర్చుని తొక్కడం మొదలెట్టాడు. ఎంత లేవమన్నా లేవలేదు. అలా బతిమాలినందుకు సిగ్గుపడుతున్నాడు కాబోలు. సిగ్గెందుకని నేనూ అనలేదు. కాసేపు తొక్కనిచ్చాను.

మూడో లోగిలి వాళ్ళు రెండు బండ్ల ఎండుకట్టెలు పంపారు. తిరిగివ్వక్కర్లేదట.

ఎర్రినాయుడు వాకిట్లో నిలబడి, గొట్టం ఎన్నాళ్ళకోసారి ఊడ్వాలని అడిగాడు. తన కోసం కాదట, ఎవరో అడగమన్నారట. చెప్పాను.

మాఘ శుద్ధ సప్తమి

గెడ్డ కదిలింది. పొద్దున్నే మంచు విరుగుతున్న చప్పుడు మెట్ట మీదికి వినపడింది. లిఖిత ఆగలేక, వద్దన్నా వినక, శాలువా కప్పుకొని టర్బైను దగ్గరికి వెళ్ళి వచ్చింది. సాయంత్రానికి దీపాలు వెలిగాయి. కుట్టుమిషను బెల్టు విప్పి, స్టాండు తుడిచి, నూనె పోసి మెట్ల మీద పెట్టాం.

ఈ రోజు చిలకమ్మ బిడ్డను మళ్ళీ తూచింది. తక్కెడ ఈసారి బాగానే కిందికి దిగింది. రెండు కిలోలు దాటింది. "ఇక గదులన్నీ తెరుచుకోండి. పిల్లకి అందరితోపాటు ఉన్నది చాలు," అంది.

అందరూ పరుపులు చుట్టుకొని గదులకు వెళ్ళిపోయారు. హాలు బోసిగా అయింది. ముల్లు రెండొందలు, గాలి సగం, పలక మంచి కాకలో ఉంది. బయట గాలి మెత్తబడింది కాబట్టి బ్లోయరు కాసేపు ఆపాను. వేడి తనంతట తను గొట్టాల్లోకి ఎక్కుతోంది.

బ్లోయరు మోత లేకపోయేసరికి లోగిలి నిశ్శబ్దంగా ఉంది. ఆ నిశ్శబ్దంలో ఉన్నట్టుండి ఏడుపు మొదలైంది. మామూలు ఏడుపు కాదు. గొంతు చించుకొని, ఊపిరి బిగబట్టి, మళ్ళీ మొదలెట్టే ఏడుపు. గొట్టాలు దాన్ని పట్టుకున్నాయి. ప్రతి గదిలోనూ, తెరిచిన ప్రతి రెక్కలోంచీ ఒక్కసారే ఆ ఏడుపు బయటికొచ్చింది. ఒక గదిలో బిడ్డ ఏడిస్తే లోగిలంతా బిడ్డలేడ్చినట్టయింది.

తలుపులన్నీ తెరుచుకున్నాయి. "ఏటయింది? ఏటయింది?" అంటూ అందరూ నడవాలోకి వచ్చేశారు. లిఖిత బిడ్డను ఎత్తుకొని గుమ్మంలోకి వచ్చి, "ఏటీ అవలేదు. ఆకలి," అంది. బిడ్డ ముఖం కందిపోయి, పిడికిళ్ళు రెండూ బిగించి, మా అందరి మీదా కోపంగా ఉంది.

పరదేశి తాత చెవులు మూసుకున్నాడు. "ఓలమ్మో! ఏం గొంతే ఇది! రాత్రంతా ఇదేనా?" అన్నాడు. ముసలాయన కళ్ళు తడిగా ఉన్నాయి.

వాకిట్లోంచి ఎర్రినాయుడు కేక. మిషను తీసుకుపోవడానికి వచ్చాడు. "సిమ్మాచలం! మీ పిల్లగుంట ఏడుపు మా లోగిలిదాకా ఇనిపిత్తందే!"

నేను గుమ్మంలోకి వెళ్ళి, ఐదు లోగిళ్ళకూ వినపడేలా గొంతెత్తి చెప్పాను.

"ఇనపడాల!"